ప్యాకెట్టు మాంసం తిన్న పిల్లవాడు డోపింగులో దొరికితే తప్పు ఎవరిది?

బరంపురం శిక్షకుడు:
బరువులెత్తే పిల్లలు పద్నాలుగు మంది ఉండే ఒక చిన్న వసతిగృహాన్ని బరంపురంలో నడుపుతున్నాను. వీరిలో సగం మంది ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి వచ్చినవారు. కిందటి నెల నుంచి మా వంటగదిలోకి సాసేజీలు, సలామీ, నగ్గెట్లు రానివ్వడం మానేశాను. పశువుకు ఎవరో వేసిన మందు మాంసంలో మిగిలి, అది పిల్లవాడి మూత్రంలో తేలితే, తెలిసి తిన్నాడా తెలియక తిన్నాడా అని మొదట ఎవరూ అడగరు కదా. తల్లిదండ్రులు మాత్రం, వేటమాంసం ధరకు తాము తూగలేమనీ, ప్యాకెట్టు కోడిమాంసం కూడా వద్దంటే పిల్లలు ఏం తిని బరువులెత్తాలనీ దెబ్బలాడుతున్నారు. నా కట్టడి న్యాయమేనా, చాదస్తమా? పెద్దలు చెప్పండి.

గుణుపురం పశువైద్యుడు:
మాస్టారూ, మీరు భయపడుతున్న చోటు వేరు, భయపడవలసిన చోటు వేరు. మా సంతకు వచ్చే మేకలకూ గొర్రెలకూ పడే మందులు చాలావరకు ఆక్సీటెట్రాసైక్లిన్, ఎన్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లు, ఐవర్‌మెక్టిన్ వంటి పురుగుల మందులు. ఇవి క్రీడల నిషిద్ధ జాబితాలో లేవు. సూది వేశాక ఇన్ని రోజులు కోయరాదన్న నియమం సీసా మీద అచ్చువేసి ఉన్నా, జబ్బుపడిన మేక చచ్చేలోపు నాలుగు డబ్బులు చేసుకుందామని మెడ మీద సూది వాపు తగ్గకముందే సంతకు తోలుకొచ్చే రైతును నేను చూస్తూనే ఉన్నాను. అది తినేవారి ఆరోగ్యానికి సంబంధించిన తప్పు, డోపింగు తప్పు కాదు. వాపు తగ్గించే స్టెరాయిడు డెక్సామెథసోన్ ఒక్కటి మాత్రం పశువుల మందుల్లోనూ నిషిద్ధ జాబితాలోనూ ఉంది, అదీ పోటీ సమయంలోనే నిషిద్ధం. ఇక బ్రాయిలర్ కోడికి హార్మోను సూదులు వేస్తారన్నది వట్టి పుకారు. నలభై రోజుల్లో పెరగడం దాని జాతి గుణం, దాణా చలవ. తల్లిదండ్రుల మాటే సబబని నా అభిప్రాయం.

రాయగడ వాడు (హైదరాబాదులో మాంసంలో మిగిలే మందుల అవశేషాల పరీక్ష చేసేవాణ్ణి):
డాక్టరు గారితో సగం వరకే ఏకీభవిస్తాను. సంతలో కోసిన మేక ఒక్క మేకే, సాసేజీ అలా కాదు. ఒక్క గంపెడు కైమాలో ఎన్నో పశువుల మాంసం, కొవ్వు, ఒక్కోసారి కార్జం కూడా కలుస్తాయి. మందు పడిన పశువు ఒక్కటే ఉంటే దాని అవశేషం పలచబడుతుంది, నిజమే. కానీ పలచబడి ఎక్కువ ప్యాకెట్లకు పాకుతుంది, ఏ పశువుదో తేల్చే దారి మూసుకుపోతుంది. పరీక్షించడమూ కష్టమే. కొవ్వు, ఉప్పు, మసాలా, పిండి అన్నీ కలిసి యంత్రంలో అసలు సంకేతాన్ని అణగదొక్కుతాయి. అందుకే ముందు కొవ్వు తీసి, వడగట్టి, శుభ్రపరిచి, ఆ తరువాతే మందును విడదీసి గుర్తుపట్టే లిక్విడ్ క్రొమటోగ్రఫీకీ జంట మాస్ స్పెక్ట్రోమెట్రీకీ పంపుతాం. మందు కలపని అదే రకం సాసేజీని పక్కన పెట్టి పోల్చకపోతే వచ్చిన అంకెను నమ్మకూడదు. నీళ్లలో ఉడికిస్తే మందు పోతుందనుకోవడం కూడా పొరపాటే, పశువుకు కండ పెంచడానికి వేసే, క్రీడల్లో నిషిద్ధమైన క్లెన్‌బ్యుటెరాల్ మరుగుతున్న నీటికి చెక్కుచెదరదు.

ఒక లెక్క చెబుతాను. పశుమాంసంలో క్లెన్‌బ్యుటెరాల్‌కు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ ఇచ్చిన హద్దు కిలోకు 0.2 మైక్రోగ్రాములు, కార్జానికి 0.6. హద్దుకు లోబడిన మాంసం పావుకిలో తింటే ఒంట్లోకి చేరేది 50 నానోగ్రాములు. అదంతా ఒక్కరోజులోనే ఒకటిన్నర లీటర్ల మూత్రంలో దిగిపోయిందనుకున్నా మిల్లీలీటరుకు 33 పికోగ్రాములు. 2010 టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెంలో అల్బెర్టో కాంటడార్ నమూనాలో దొరికినది 50. అంటే ఆహార చట్టం సరేనన్న ముద్ద కూడా డోపింగు ప్రయోగశాల కంటికి కనిపించగలదు. కొలిచే యంత్రాలు ఒకే జాతివి, గీతలు మాత్రం ఎవరివి వారివే.

పర్లాకిమిడి వకీలు:
కాంటడార్ పేరెత్తారు కనుక కథ పూర్తిగా చెప్పుకోవాలి. ఆయన స్పెయిన్ నుంచి తెచ్చిన మాంసం అన్నారు. క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2012లో ఆ మాట నమ్మక, కలుషితమైన పోషక పొడి వల్ల వచ్చి ఉండే అవకాశమే ఎక్కువని తేల్చింది. రెండేళ్ల నిషేధం పడింది, టూర్ విజయం పోయింది. మరోవైపు 2011లో మెక్సికోలో జరిగిన పదిహేడేళ్లలోపు ఫుట్‌బాల్ ప్రపంచకప్పులో 208 నమూనాలకు 109లో క్లెన్‌బ్యుటెరాల్ కనిపించింది, అక్కడ మాంసమే కారణమని ఒప్పుకొని ఏ పిల్లవాణ్ణీ శిక్షించలేదు. ఊరంతా అదే మాంసం తింటే నమ్ముతారు, ఒక్కడే తిన్నానంటే నిరూపించమంటారు. అమెరికా లాంగ్‌జంపర్ జారియన్ లాసన్ రెస్టారెంటులో తిన్న గొడ్డుమాంసం వల్లే ట్రెన్‌బొలోన్ అనే స్టెరాయిడు ఒంట్లోకి వచ్చిందని 2020లో గెలిచాడు గానీ, అప్పటికి ఏడాదిన్నరకు పైగా మైదానానికి దూరమయ్యాడు. పందిమాంసం బరీటో తిన్నానన్న అమెరికా పరుగుల క్రీడాకారిణి షెల్బీ హౌలిహన్‌కు మరుసటి ఏడాదే నాలుగేళ్ల నిషేధం పడింది.

2019 తరువాత ప్రపంచ డోపింగు నిరోధక సంస్థ వాడా కొంత మెత్తబడింది. పశువుల్ని పెంచడానికి వేసే క్లెన్‌బ్యుటెరాల్, రాక్టోపమైన్, జిల్పటెరాల్, జెరనాల్ మందులు మూత్రంలో మిల్లీలీటరుకు 5 నానోగ్రాములు లేదా అంతకు తక్కువగా ఉంటే నేరుగా దోషం కట్టకుండా, ముందు విచారించే వీలు కల్పించారు. మీ వసతిగృహానికి దీనివల్ల ఒరిగేది తక్కువ, ఎందుకంటే మాంసం విషయంలో వాడా పేరు పెట్టి హెచ్చరించిన దేశాలు మెక్సికో, చైనా, గ్వాటెమాలా. మన దేశం ఆ వరుసలో లేదు కనుక, మన పిల్లవాడు 'మాంసం' అన్నాడంటే వినేవాడు పెదవి విరుస్తాడు.

గుణుపురం పశువైద్యుడు:
నేనన్నదీ అదే కదా. 2023లో మన దేశంలో తీసిన 5,606 నమూనాలలో 214 పట్టుబడ్డాయి. వాటిలో ఎన్ని ప్లేటులోంచి వచ్చి ఉంటాయి? మాంసం సాకు వినడానికి బాగుంటుంది. అది నిజమైనవాడికి ఉపయోగపడేకన్నా, పొడి తిన్నవాడికి చాటుగా పనికివస్తుందేమోనని నా అనుమానం.

రాయగడ వాడు:
సాకును తేల్చే దారులు లేకపోలేదండీ. క్లెన్‌బ్యుటెరాల్ జుట్టులో నిలుస్తుంది. నెలల తరబడి మందు తిన్నవాడికీ, ఒక్కపూట మాంసంతో చేరినవాడికీ జుట్టు ఒకేలా సాక్ష్యం చెప్పదు. జర్మనీ టేబుల్ టెన్నిస్ ఆటగాడు ఒవ్‌చరోవ్ 2010లో చైనా నుంచి తిరిగొచ్చి పట్టుబడినప్పుడు, జుట్టు పరీక్ష కూడా ఆయనకు అండగా నిలిచింది. కాకపోతే అటువంటి పరీక్షకు ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది వకీలు గారే చెప్పాలి.

పర్లాకిమిడి వకీలు:
పిల్లవాడే పెట్టుకోవాలి. తన దేహంలోకి ఏది వెళ్లినా బాధ్యత తనదే అన్నది నియమావళిలో మొదటి మాట. పదహారేళ్లలోపువారికి కొంత సడలింపు ఉన్నా, శిక్ష తగ్గించమని అడగాలన్నా ఎలా చేరిందో చూపే భారం సాధారణంగా ఆటగాడిదే. అందుకే, పశువైద్యులు గారికి కోపం వచ్చినా, మాస్టారి కట్టడిని నేను చాదస్తమనను. అయితే సాసేజీ ఆపి పొడి డబ్బాను వదిలేస్తే, వాకిలి మూసి దొడ్డితలుపు తీసినట్టే.

బరంపురం శిక్షకుడు:
రాత్రి మీ మాటలు చదివాక మంచాల కింద చూశాను. మూడు డబ్బాలు దొరికాయి, ఒకదాని మీద చీటీయే లేదు. 'అన్నయ్య తెచ్చిపెట్టాడు సార్' అన్నాడు పిల్లవాడు. ఏ అన్నయ్యో ఇంకా చెప్పలేదు. మామూలు కోడిమాంసం రేపటి నుంచి వండిస్తాను, కలిపి రుబ్బినవీ కార్జం కలిసినవీ మాత్రం ప్రస్తుతానికి వద్దు. డబ్బాలు పారేయిస్తున్నాను.

రాయగడ వాడు:
పారేయకండి మాస్టారూ. మూత బిగించి, తేదీ రాసి, తాళం వేసి పెట్టండి. ఆ పిల్లలలో ఎవరైనా ఇప్పటికే నమూనా ఇచ్చి ఉంటే, రేపు వాళ్లకు అక్కరకొచ్చేది ఆ మిగిలిన పొడే.