వితాఫెరిన్-ఎ: ఎన్ఏసీతో కణాలన్నీ బతుకుతున్నాయి, ఫెరోస్టాటిన్‌తో సగమే. ఇది ఫెరోప్టోసిస్ (ఇనుము వల్ల కణ పొరల కొవ్వులు ఆక్సిడైజ్ అయి కణం చావడం) అనొచ్చా?

హబ్సిగూడ_సెల్‌కల్చర్:
ఎమ్‌డీఏ-ఎమ్‌బీ-231 రొమ్ము క్యాన్సర్ కణాల మీద అశ్వగంధలోని వితాఫెరిన్-ఎ, పసుపులోని కర్క్యుమిన్ పరీక్షిస్తున్నాం. రెండూ 10 మైక్రోమోలార్, 24 గంటలు, 96 గుంటల ప్లేటు, ఎమ్‌టీటీ (బతికున్న కణాలు ఊదారంగుకు మార్చే రసాయనంతో చేసే లెక్క). వితాఫెరిన్ ఇచ్చిన గుంటల్లో కణాలు బాగా చచ్చిపోతున్నాయి. 5 మిల్లీమోలార్ ఎన్ఏసీ (ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే యాంటీఆక్సిడెంట్) కలిపితే పూర్తిగా నిలబడుతున్నాయి, 2 మైక్రోమోలార్ ఫెరోస్టాటిన్-1 (ఫెరోప్టోసిస్‌ను ఆపేది) కలిపితే సగమే. కర్క్యుమిన్‌ది ఇంకో తలనొప్పి. ఎమ్‌టీటీలో నష్టమే లేదు, మైక్రోస్కోపులో చూస్తే కణాలు గుండ్రంగా ముడుచుకుపోయాయి. సీ11-బోడిపీ (కొవ్వులు ఆక్సిడైజ్ అయితే ఆకుపచ్చగా వెలిగే రంగు) ఆకుపచ్చ సిగ్నల్ మాత్రం విపరీతంగా ఉంది. ఎక్కడ తప్పుతోందో పెద్దలు చెప్పగలరు.

రెడాక్స్_తార్నాక:
ముందు ఎన్ఏసీని పక్కన పెట్టండి. వితాఫెరిన్-ఎ థయోల్ (గంధకం-హైడ్రోజన్) గుంపులకు నేరుగా అతుక్కునే అణువు. ఎన్ఏసీ కూడా థయోలే. రెండూ ఒకే మీడియంలో ఉంటే కణం లోపలికి వెళ్లకముందే మందు ఖర్చైపోతుంది. అప్పుడు కణం బతికిందంటే మందు అందలేదనే అర్థం, ఆక్సిడేషన్ ఆగిందని కాదు. పైగా ఎన్ఏసీ తనంతట తానే ఎమ్‌టీటీని ఊదారంగుకు మారుస్తుంది, పీహెచ్ 7.4కు సరిచేయకపోతే మీడియం పులుస్తుంది. మీ 'పూర్తి రక్షణ'లో ఈ మూడింటి వాటా ఎంతో తేలదు.

ఫెరోస్టాటిన్ సగమే కాపాడటం మాత్రం నమ్మదగ్గ ఫలితం. న్యూరోబ్లాస్టోమా కణాల మీద 2018లో వచ్చిన పని ప్రకారం, వితాఫెరిన్ 10 మైక్రోమోలార్ దగ్గర జీపీఎక్స్4ను (కణ పొరల కొవ్వులను కాపాడే ఎంజైమ్) దెబ్బతీస్తుంది. 1 మైక్రోమోలార్ దగ్గర హీమ్ ఆక్సిజనేజ్-1ను (హీమ్‌ను విరిచి ఇనుమును వదిలే ఎంజైమ్) పెంచి, కణంలో స్వేచ్ఛగా తిరిగే ఇనుమును ఎక్కువ చేస్తుంది. అంటే మోతాదును బట్టి దారి మారుతుంది. 10 దగ్గర ప్రోటియాసోమ్ (కణంలో ప్రొటీన్లను విరిచే యంత్రాంగం) లాంటి ఇతర లక్ష్యాలూ తగులుతాయి కాబట్టి అపోప్టోసిస్ (కణం తనను తానే క్రమంగా చంపుకోవడం) కూడా కలిసి నడవచ్చు. 0.5, 1, 2, 5, 10 మోతాదులు వేసి, ప్రతిదానికీ నాలుగు గుంటలు పెట్టండి: మందు ఒక్కటే, మందు + ఫెరోస్టాటిన్, మందు + జడ్-వీఏడీ (అపోప్టోసిస్‌ను ఆపేది) 20 మైక్రోమోలార్, మందు + రెండూ. రెండూ కలిస్తే విడివిడిగా కన్నా ఎక్కువ కాపాడితే రెండు రకాల చావులూ ఉన్నాయని గట్టిగా అనుమానించొచ్చు. స్టాక్ 10 మిల్లీమోలార్ అయితే 4.7 మిల్లీగ్రాములు 1 మిల్లీలీటరు డీఎమ్‌ఎస్‌ఓలో (మందును కరిగించే ద్రవం). వెయ్యి రెట్లు పలచన చేస్తే డీఎమ్‌ఎస్‌ఓ 0.1 శాతం దగ్గర ఆగుతుంది. అన్ని గుంటల్లోనూ అదే శాతం ఉండాలి.

ఫ్లో_గచ్చిబౌలి:
కర్క్యుమిన్ సంగతి నేను చెప్తా. అది తానే ఆకుపచ్చగా వెలుగుతుంది, పొరల్లో ఇంకిపోయి పీబీఎస్ (ఉప్పు ద్రావణం) కడుగుడుకు కూడా వదలదు. కాబట్టి బోడిపీ వేయకుండా కర్క్యుమిన్ ఒక్కటే ఇచ్చిన గుంట తప్పనిసరి. ఆ గుంటలోనూ అదే సిగ్నల్ వస్తే మీ డేటా పారేయడమే. సీరం లేని మీడియంలో కర్క్యుమిన్ అరగంటలోనే చాలావరకు విరిగిపోతుంది కూడా. ఇనుమును పట్టుకునే గుణం, రాడికల్స్‌ను మింగే గుణం రెండూ ఉన్నాయి కనుక ఫెరోప్టోసిస్‌ను ఆపినా ఆపొచ్చు.

ఎమ్‌టీటీకి కణాలు లేని గుంటలో మందు, మీడియం, ఎమ్‌టీటీ వేసి 3 గంటలు 37 డిగ్రీల్లో ఉంచండి. రంగు వస్తే మందే ఎమ్‌టీటీ రంగు మారుస్తోందన్నమాట. అప్పుడు మీడియం తీసి, పీబీఎస్‌తో కడిగాకే ఎమ్‌టీటీ వేయాలి. నా అభిప్రాయంలో ప్రొపిడియం అయోడైడ్ (చచ్చిన కణాల్లోకే వెళ్లే రంగు) లెక్కే ఇక్కడ నయం. బోడిపీ వేసేది 2 మైక్రోమోలార్, 30 నిమిషాలు, బతికున్న కణాల మీదే, ఫిక్స్ చేయకుండా. 24 గంటలకు చూస్తే చచ్చిన కణాలే కనిపిస్తాయి, 2 నుంచి 6 గంటల మధ్య చూడండి.

రెడాక్స్_తార్నాక:
ఇంకో మాట. కణాలు కిక్కిరిసి ఉంటే ఫెరోప్టోసిస్‌కు లొంగవు. గుంటకు 5,000 అని రాసి ఒకరోజు 15,000 వేస్తే ఫలితం తారుమారవుతుంది. సీరం బ్యాచ్ మారితే సెలీనియం (జీపీఎక్స్4కు కావాల్సిన మూలకం), ట్రాన్స్‌ఫెరిన్ (ఇనుమును మోసే ప్రొటీన్) మారతాయి, ఆ బ్యాచ్ నంబరు రాసుకోండి. ప్రతి ప్లేటులో ఆర్‌ఎస్‌ఎల్3 (జీపీఎక్స్4ను ఆపి ఫెరోప్టోసిస్ తెచ్చే అణువు) ఒక మైక్రోమోలార్, దాంతోపాటు ఆర్‌ఎస్‌ఎల్3 + ఫెరోస్టాటిన్ ఉండాలి. ఆర్‌ఎస్‌ఎల్3 చంపిన కణాలను ఫెరోస్టాటిన్ కాపాడకపోతే మీ ఫెరోస్టాటిన్ పాడైపోయిందని అనుమానించాలి. చిన్న చిన్న వయల్స్‌గా -20లో, వెలుతురు తగలకుండా దాచండి. డెఫెరోక్సమైన్ (ఇనుమును పట్టుకునే మందు) 100 మైక్రోమోలార్ మందుకన్నా కొన్ని గంటల ముందే ఇవ్వాలి, లోపలికి మెల్లగా వెళ్తుంది. అది ఒక్కటే ఇచ్చిన గుంట కూడా పెట్టండి, ఇనుము తగ్గితే కణాలు పెరగడమే మానేస్తాయి.

హబ్సిగూడ_సెల్‌కల్చర్:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక రోగి బంధువులు బేగంబజార్‌లో కొన్న అశ్వగంధ పొడి చూపించి, కీమోతోపాటు ఇవ్వచ్చా అని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

ఆంకాలజీ_డ్యూటీ:
వద్దనే చెప్పండి. ప్లేటులో ఉన్నది శుద్ధి చేసిన అణువు, పొడిలో వితాఫెరిన్ ఎంతుందో ఒక్కో సరుకుకు ఒక్కోలా ఉంటుంది. నోటితో తీసుకుంటే రక్తంలో ప్లేటు స్థాయికి చేరుతుందని అనుకోవద్దు. కర్క్యుమిన్ రోజుకు 8 గ్రాములు ఇచ్చినా రక్తంలో గరిష్ఠం సగటున 2 మైక్రోమోలార్ లోపే తేలింది. అశ్వగంధతో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి, కీమో మందుల్లో చాలావాటిని బయటకు పంపేది ఆ కాలేయమే. ఇప్పటికే వాడుతుంటే దాచకుండా వాళ్ల డాక్టరుకు చెప్పమనండి, తదుపరి సైకిల్‌కు ముందు ఏఎల్‌టీ, బిలిరుబిన్ (కాలేయ పరీక్షలు) చూస్తారు.