ఇంట్లో మూడు కంప్యూటర్ల బ్యాకప్ ఒకే చోటికి: నాస్ పెట్టె కొనాలా, పాత డెస్క్‌టాప్ సరిపోతుందా?

వేళచ్చేరి వాసి:

నమస్కారం. మేము చెన్నై వేళచ్చేరిలో ఒక అపార్ట్‌మెంటు కింది అంతస్తులో ఉంటున్నాము. ఇంట్లో నా విండోస్ ల్యాప్‌టాప్, మా ఆవిడ మ్యాక్‌బుక్, పిల్లలు వాడే విండోస్ డెస్క్‌టాప్ ఉన్నాయి. ఇప్పటిదాకా ఒకే పోర్టబుల్ హార్డ్ డిస్కును చేతులు మార్చుకుంటూ, గుర్తొచ్చినప్పుడు ఫైళ్లు కాపీ చేసుకుంటున్నాము. ఆ గుర్తు రావడమే నెలలు గడిస్తే గాని జరగడం లేదు. ఎవరూ పూనుకోనక్కర లేకుండా రోజూ మూడింటి బ్యాకప్ ఇంట్లోనే ఒక చోటికి చేరే ఏర్పాటు చేయాలని ఉంది.

ఎలక్ట్రానిక్స్ దుకాణాల రిచీ స్ట్రీట్‌లో విచారిస్తే ఒక దుకాణదారు రెండు డిస్కులు పట్టే నాస్ పెట్టె (ఇంటి నెట్‌వర్కుకు కలిపి అన్ని కంప్యూటర్లూ వాడుకునే డిస్కుల పెట్టె) చూపించి, రెండింటిలోనూ ఒకే సమాచారం ఉంటుంది కనుక ఇక దిగులు అక్కర్లేదన్నారు. మరోవైపు 8 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్ ఒకటి అటక మీద ఉంది. రూటరు వెనక యూఎస్‌బీ పోర్టు కూడా ఉంది. ఈ మూడింటిలో ఏది మేలు? ఆఫీసు నుంచి కూడా ఆ ఫైళ్లు తెరుచుకోగలిగితే బాగుంటుంది. కరెంటు ఖర్చు గురించి కూడా చెప్పగలరు.

అంబత్తూరు నెట్‌వర్క్:

రూటరు పోర్టును ముందుగా లెక్కలోంచి తీసేయండి. నెట్‌వర్కులో ఫైళ్లు పంచుకోవడానికి వాడే ఎస్‌ఎంబీ పద్ధతిలో తొలి వెర్షను తప్ప పాత రూటర్లలో చాలా వాటికి మరొకటి రాదు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వ్యాపించింది ఆ వెర్షనులోని లోపం ద్వారానే; అదే ఏడాది చివరినుంచి విండోస్ 10 కొత్తగా వేసినప్పుడు అది డిఫాల్టుగా రావడం లేదు. దాన్ని మళ్లీ ఆన్ చేయమని చెప్పే వీడియోలు యూట్యూబులో కొల్లలుగా ఉన్నాయి, వాటి జోలికి పోకండి.

మిగిలిన రెండింటిలో ఏదైనా పని చేస్తుంది. పాత డెస్క్‌టాప్‌ను నాస్‌గా మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి: డెబియన్ లినక్స్ మీద నడిచే ఓపెన్‌మీడియావాల్ట్ గాని, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) వాడే ట్రూనాస్ గాని వేసుకోవచ్చు. ట్రూనాస్‌కు 8 జీబీ కనీస అవసరం, అది మీ దగ్గర ఉంది. తేడా వచ్చేది కరెంటు దగ్గరే. నాస్ పెట్టె సగటున 20 వాట్లు తీసుకుంటుందనుకుంటే రెండు నెలల బిల్లులో 29 యూనిట్ల దాకా పడుతుంది. డెస్క్‌టాప్ 60 వాట్లు లాగితే అది 86 యూనిట్లు. తమిళనాడులో ఇళ్లకు రెండు నెలలకు తొలి 100 యూనిట్లు ఉచితమైనా, మీ ఇంట్లో ఏసీ ఉంటే ఆ అదనపు యూనిట్లు పై శ్లాబులోనే పడతాయని మరవకండి. రోజంతా నడపడం ఇష్టం లేకపోతే నిర్ణీత వేళకు దానంతటదే ఆన్ అయ్యే ఏర్పాటు చాలా మదర్‌బోర్డుల బయోస్‌లో ఉంటుంది.

డిస్కులు కొనేటప్పుడు ఎస్‌ఎంఆర్ రకమా, సీఎంఆర్ రకమా అని తప్పక అడగండి. ఎస్‌ఎంఆర్ డిస్కులో ట్రాకులు ఇంటి కప్పు మీది పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి పడి ఉంటాయి కనుక పాత సమాచారం మీద కొత్తది రాయాలంటే పక్కవాటిని కూడా తిరిగి రాయవలసి వస్తుంది. రెండు డిస్కుల్లో ఒకటి చెడి, కొత్తదానిలోకి మొత్తం కాపీ అవుతున్నప్పుడు ఆ నెమ్మది విసుగు పుట్టిస్తుంది. ట్రాకులు ఒకదాని మీద ఒకటి పడని సీఎంఆర్ తీసుకోండి. 4 టీబీ డిస్కు విండోస్‌లో 3.63గా కనిపిస్తే దుకాణదారుతో గొడవ పడకండి, అది లెక్కించే పద్ధతిలోని తేడా మాత్రమే.

వీటికంటే ముందు మీ గోడలోని కేబుల్ చూసుకోండి. లోపల ఎనిమిది తీగలున్నా నాలుగే బిగించి వదిలేసిన కనెక్టర్లు అపార్ట్‌మెంట్లలో తరచూ కనిపిస్తాయి. నాలుగు తీగలతో వేగం 100 ఎంబీపీఎస్ దాటదు. ఎనిమిదీ సరిగ్గా ఉంటేనే 1000 వస్తుంది. అంటే 1 టీబీ తొలి బ్యాకప్ ఒకచోట రెండున్నర గంటల్లో ముగిస్తే, మరోచోట పూర్తిగా ఒక రోజు పడుతుంది. విండోస్‌లో ఈథర్‌నెట్ సెట్టింగులు తెరిస్తే లింక్ స్పీడు అక్కడే కనిపిస్తుంది. తొలిసారి మాత్రం వైఫై కాకుండా కేబుల్ మీదే చేయండి.

అడయారు ఫైల్ సర్వర్:

పై సలహాలతో ఏకీభవిస్తున్నాను గాని, దుకాణదారు అన్న మాటను అలా వదిలేయడం సరికాదు. రెండు డిస్కుల్లో ఒకే సమాచారం ఉంచే రెయిడ్ 1 డిస్కు చెడిపోవడం నుంచి మాత్రమే కాపాడుతుంది. పొరపాటున ఒక ఫోల్డరు తీసేస్తే అదే క్షణంలో రెండింటిలోనూ పోతుంది. వానాక్రై లాంటి ర్యాన్సమ్‌వేర్ ఫైళ్లకు తాళం వేస్తే రెండింటిలోనూ తాళమే పడుతుంది. దాన్ని బ్యాకప్ అనడానికి లేదు.

నా దృష్టిలో పెట్టె ఏదన్నది రెండో విషయం, అందులోని బ్యాకప్‌ను చెరిపే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది మొదటి విషయం. చాలా ఇళ్లలో ఒకే షేర్డ్ ఫోల్డరు పెట్టి, దాన్ని అన్ని కంప్యూటర్లలోనూ జెడ్ డ్రైవుగా తగిలించి, అందులోకే బ్యాకప్ కూడా పంపిస్తుంటారు. ఆ కంప్యూటర్లలో ఒక్కదానికి రోగం పట్టినా జెడ్ డ్రైవుతో పాటు బ్యాకప్ కూడా పోతుంది. అందుకని నాస్‌లో ప్రతి కంప్యూటరుకు ఒక బ్యాకప్ ఖాతా, ఆ ఖాతా మాత్రమే తెరవగల ఒక ఫోల్డరు ఏర్పాటు చేయండి. ఆ పాస్‌వర్డు విండోస్‌కు తెలియనక్కర లేదు, బ్యాకప్ సాఫ్ట్‌వేరు సెట్టింగుల్లో ఉంటే చాలు. విండోస్‌కు వీమ్ ఏజెంట్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేరు ఉచిత ఎడిషను బాగానే సరిపోతుంది. దానికి తోడు జెడ్‌ఎఫ్‌ఎస్ గాని, అలాంటిదే అయిన బీటీఆర్‌ఎఫ్‌ఎస్ గాని ఉన్న పెట్టెలో రోజుకొక స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఫైళ్లు ఉన్న స్థితిని మార్చలేని విధంగా భద్రపరచడం) తీసే ఏర్పాటు చేస్తే, బ్యాకప్ ఖాతా పాస్‌వర్డు దొరికినవారు కూడా నిన్నటి ప్రతిని చెరపలేరు. నాస్ అడ్మిన్ పాస్‌వర్డును మాత్రం ఏ కంప్యూటరులోనూ దాచకండి.

మ్యాక్‌బుక్‌లోనే ఉండే బ్యాకప్ సాఫ్ట్‌వేరు టైమ్ మెషీన్ ఎస్‌ఎంబీ మీదే నడుస్తుంది. అది గత 24 గంటలకు గంటకొకటి, గత నెలకు రోజుకొకటి, అంతకు ముందుకు వారానికొకటి చొప్పున ప్రతులు ఉంచుతూ, చోటు నిండాక గాని పాతవాటిని తీయదు. హద్దు పెట్టకపోతే మీ వంతు చోటును కూడా అదే ఆక్రమిస్తుంది. మ్యాక్ డిస్కు సైజుకు రెండింతలు ఆ ఖాతాకు కోటాగా పెట్టండి.

ఆఫీసు నుంచి తెరవడానికి రూటరులో పోర్ట్ ఫార్వర్డింగ్ చేయమని, అంటే నాస్‌కు ఇంటర్నెట్ నుంచి నేరుగా దారి తెరవమని, ఎవరైనా చెబితే వినకండి. 2022 జనవరిలో మొదలైన డెడ్‌బోల్ట్ ర్యాన్సమ్‌వేర్ దాడి ఇంటర్నెట్‌కు అలా తెరిచి ఉంచిన క్యూనాప్ కంపెనీ నాస్‌లనే వెతికి పట్టుకుంది. బయటినుంచి ఇంటి నెట్‌వర్కుకు రహస్య దారి వేసే వీపీఎన్ వాడండి: వైర్‌గార్డ్ గాని, దాని మీదే ఆధారపడిన టెయిల్‌స్కేల్ గాని. మీ బ్రాడ్‌బ్యాండువారు సొంత పబ్లిక్ ఐపీ (బయటినుంచి నేరుగా చేరగల ఇంటర్నెట్ చిరునామా) ఇవ్వకపోయినా టెయిల్‌స్కేల్ పని చేస్తుంది.

పళ్లికరణై:

కింది అంతస్తు, అందులోనూ వేళచ్చేరి అన్నారు కాబట్టి రాస్తున్నాను. 2015 డిసెంబరు వరదలనూ, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానునూ చూసినవారికి నాస్ పెట్టెను, దాని యూపీఎస్‌ను టీవీ స్టాండు కింది అరలో పెట్టవద్దని వేరే చెప్పనక్కర లేదు. యూపీఎస్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో నాస్‌కు కలిపితే బ్యాటరీ అయిపోయే లోపు అదే సక్రమంగా షట్‌డౌన్ అవుతుంది. అయితే ఎంత ఎత్తున పెట్టినా అది ఆ ఇంట్లోదే. మా ఇంట్లో నాస్ నుంచి ఎన్‌క్రిప్ట్ చేసిన ప్రతి ఒకటి యూఎస్‌బీ డిస్కులోకి ఎక్కి నెల్లూరులో మా అత్తగారింటి బీరువాలో ఉంటుంది. పండగకు వెళ్లినప్పుడు కొత్తది పెట్టి పాతది తెచ్చుకుంటాము. క్లౌడ్ కూడా మంచిదే గాని, 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో 1 టీబీ ఎక్కాలంటే ఆగకుండా 44 గంటలు పడుతుంది.

వేళచ్చేరి వాసి:

అందరికీ ధన్యవాదాలు. పాత డెస్క్‌టాప్‌లోనే ట్రూనాస్ వేశాను, డిస్కులు సీఎంఆర్‌వే తీసుకున్నాను. అత్తగారి ఊరు గూడూరే కనుక మూడో ప్రతికి చోటు దొరికింది. ఒక్క చిక్కు మిగిలింది. ఫొటోల ఫోల్డరును నా మామూలు ఖాతాతో తెరిచి ఉంచినప్పుడు బ్యాకప్ ఖాతా పని చేయడం లేదు. 1219 అనే ఎర్రరు వస్తోంది.

అడయారు ఫైల్ సర్వర్:

విండోస్ ఒకే సర్వరుకు ఒకే సమయంలో రెండు వేర్వేరు యూజర్ నేములతో కలవనివ్వదు, ఆ ఎర్రరుకు కారణం అదే. ఫొటోల ఫోల్డరును నాస్ పేరుతో తెరవండి, బ్యాకప్ సాఫ్ట్‌వేరులో మాత్రం పేరుకు బదులు ఐపీ అడ్రసు ఇవ్వండి. విండోస్ వాటిని రెండు వేర్వేరు సర్వర్లుగా భావిస్తుంది. ఆ ఐపీ మారిపోకుండా రూటరులో రిజర్వు చేయండి. తొలి బ్యాకప్ ముగిశాక, ఏదో ఒక ఫోల్డరును వేరే కంప్యూటరులోకి రిస్టోర్ చేసి, ఫొటోలు తెరుచుకుంటున్నాయో లేదో చూసి ఇక్కడ రాయండి.