పాత మామోడ్ ఇంజన్: బాయిలర్ మూత అంచు కారుతోంది, మాటు వేయవచ్చా?

స్పిరిట్‌దీపం (బర్మింగ్‌హామ్)
అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్‌లో మామోడ్ (బ్రిటన్ బొమ్మ ఆవిరి ఇంజన్ల కంపెనీ) వారి స్టేషనరీ, అంటే కదలకుండా ఒకచోటే నడిచే, ఇంజన్ ఒకటి దొరికింది. ఇత్తడి బాయిలర్, వత్తుల స్పిరిట్ దీపం ఉన్న పాత రకం. ఇంకా వెలిగించలేదు. నీళ్లు పోసి ఉంచితే ఒక మూత అంచు కింద చెమ్మ చేరి చుక్కలు పడుతున్నాయి. సేఫ్టీ వాల్వు కాడ లాగితే కదలట్లేదు. లోపల తెల్లటి పెచ్చు ఉంది. మామూలు మెత్త మాటు (సీసం, తగరం కలిపిన సోల్డరు) చాలా, వెండి మాటు (వెండి కలిపిన గట్టి సోల్డరు) వేయాలా? ఎం-సీల్ పెడితే ఆగుతుందని ఒకరు అంటున్నారు, నిజమేనా?

రేకుపని
ఎం-సీల్ వద్దే వద్దండి. ఆవిరి వేడికి మెత్తబడుతుంది. లోపలి లోపం అలాగే ఉంటుంది, పైకి మాత్రం కనబడదు. తర్వాత మాటు వేయబోతే ఆ జిడ్డు మాటును అంటనివ్వదు.

ముందు పెచ్చు తీయండి. లీటరు వేడి నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి బాయిలర్‌లో పోసి, గ్యాసు బయటికి పోయేలా రంధ్రాలు తెరిచి పెట్టండి. బుడగలు ఆగగానే, ఎంత లేదన్నా అరగంటలోపు, పారబోసి నాలుగైదుసార్లు కడగండి. రాత్రంతా వదిలేస్తే యాసిడ్ ఇత్తడినీ తింటుంది. లోపలికి చింతపండు వాడకండి, పీచు వెళ్లి ఆవిరి గొట్టంలో ఇరుక్కుంటుంది. పెచ్చు తీశాక కారడం ఎక్కువైతే కంగారు పడొద్దు, అన్నాళ్లూ కన్నాలను మూసి ఉంచింది ఆ పెచ్చే.

తర్వాత మిగతా రంధ్రాలు బిగించి, ఒకదానికి సన్న రబ్బరు గొట్టం తగిలించి, బాయిలర్‌ను నీళ్లలో ముంచి నోటితో ఊదండి. బుడగలు ఎక్కడ వస్తే అక్కడ పెన్సిల్ గుర్తు పెట్టండి. కంప్రెసర్ గాలి మాత్రం పెట్టకండి. అతుకు ఊడితే మూత తూటాలా వస్తుంది.

బుడగలు అతుకు నుంచి వస్తే పని సులువే. బాయిలర్ గొట్టం మధ్యలోంచి వచ్చి, ఆ చుట్టూ ఎర్రటి మచ్చలు ఉంటే మాత్రం ఇత్తడిలో జింకు పోయి రాగి గుల్లగా మిగిలిందని అర్థం. దానికి అతుకు వేయడం దండగ, బాయిలరే మార్చాలి.

వెలిగారం
మాటు సంగతి నేను చెబుతా. అతుకు దగ్గర కత్తి మొనతో గీకండి. బూడిద రంగులో మెత్తగా లేస్తే అది సీసం–తగరం మాటు. అలాంటి అతుకు మీద వెండి మాటు వేయకూడదు. వెండి మాటు కరగాలంటే 600 డిగ్రీల సెల్సియస్ దాటాలి. ఆ వేడికి మిగిలిన సీసం ఇత్తడిని కొరికి గుంటలు చేస్తుంది, వెండి మాటు సరిగ్గా పట్టదు.

60/40 మాటు (60 వంతులు తగరం, 40 వంతులు సీసం) 183 నుంచి 190 డిగ్రీల మధ్య కరుగుతుంది. 1.5 బార్ (బార్ అంటే దాదాపు మామూలు గాలి పీడనమంత) పీడనంలో ఆవిరి వేడి దాదాపు 127 డిగ్రీలే. అంటే నీళ్లున్నంతసేపూ భయం లేదు. నీళ్లు అయిపోయి దీపం మండుతుంటేనే మాటు కారిపోతుంది, మీ ఇంజన్‌కు పాత యజమాని దగ్గర జరిగింది బహుశా అదే. 221 డిగ్రీలకు కరిగే తగరం–వెండి మాటు ఇంకా మంచిది. కానీ పాత సీసం మొత్తం తీసేస్తేనే. కలిస్తే కరిగే వేడి మళ్లీ 180 దగ్గరికే పడిపోతుంది.

బాయిలర్‌ను ఫ్రేమ్ నుంచి విడదీయండి. వాల్వు, విజిల్, నీటి మట్టం చూపే గాజు ఉంటే అదీ, అన్నీ తీసేయండి. ఒక్క రంధ్రమైనా తెరిచి లేకపోతే లోపలి తడి ఆవిరై పేలుతుంది. పాత మాటును వేడి చేసి రాగి జాలీతో పీల్చి, అంచును మెరిసేదాకా 400 నంబరు కాగితంతో రుద్ది, జింక్ క్లోరైడ్ ఫ్లక్స్ (మాటు అంటుకునేలా చేసే మందు) రాయండి. ఆవిరి గొట్టం అతుకు చుట్టూ తడిగుడ్డ చుట్టండి, లేదంటే ఇది వేస్తుంటే అది ఊడుతుంది. చిన్న బ్యూటేన్ టార్చ్ మంటను మాటు మీద పెట్టకుండా, బాయిలర్ గొట్టం మీద తిప్పుతూ ఉండండి. తీగను అతుక్కి ఆనించినప్పుడు ఇత్తడి వేడికే కరిగి లోపలికి లాక్కోవాలి. బాయిలర్ వ్యాసం 40 మి.మీ. ఉంటే 1.5 మి.మీ. తీగ 10–12 సెం.మీ. చాలు. పైన ముద్దగా పోస్తే బలం రాదు. చల్లారాక వంటసోడా నీళ్లతో లోపలా బయటా కడగండి, మిగిలిన ఫ్లక్స్ ఇత్తడిని తింటుంది.

రేకుపని
ఆ తర్వాత నీళ్ల పరీక్ష తప్పనిసరి. గాలి బుడగ లేకుండా నిండా నీళ్లు పోసి, ప్లంబర్లు పైపులకు వాడే చేతి పంపుతో పని పీడనానికి రెట్టింపు ఇవ్వండి. 1.5 బార్ అయితే 3 బార్. పంపు కాడ నెమ్మదిగా నొక్కండి, లేదంటే ఒక్క తోపుకే మీటరు ముల్లు 5 దాటిపోవచ్చు. పది నిమిషాలు ముల్లు కదలకూడదు. ముందూ తర్వాతా మూత మీద స్కేలు ఆనించి చూడండి. ఉబ్బు మిగిలితే ఆ బాయిలర్‌ను వాడొద్దు.

వాల్వు కొత్తది కొనండి, స్ప్రింగు బిగించి సరిపెట్టొద్దు. మామోడ్ మర పావు అంగుళం, అంగుళానికి 26 చుట్లు. విల్‌స్కో (జర్మనీ బొమ్మ ఆవిరి ఇంజన్ల కంపెనీ) వారిది ఎం6, 0.75 పిచ్, అంటే 6 మి.మీ. వ్యాసం, చుట్టుకీ చుట్టుకీ మధ్య 0.75 మి.మీ. చూపుకి ఒకేలా ఉంటాయి కానీ బలవంతంగా ఎక్కిస్తే బాయిలర్ మర చెడుతుంది.

కాచిగూడ_బండి
నా విల్‌స్కోకు కూడా అడుగుతున్నా గురువుగారూ, ఇక్కడ బోరు నీళ్లే దిక్కు. ఏం పోయాలి?

వెలిగారం
బోరు నీళ్లు పోస్తే మళ్లీ పెచ్చే తమ్ముడూ. బండ్లకు పోసే బ్యాటరీ వాటర్ తీసుకో, అది ఖనిజాలు తీసేసిన నీరు. డబ్బా మీద చదివి తీసుకో, యాసిడ్ కూడా అలాంటి డబ్బాల్లోనే అమ్ముతారు. బాయిలర్‌ను ముప్పావు వంతు వరకే నింపు. నీళ్లకంటే ముందు ఇంధనం అయిపోవాలి, కాబట్టి రెండోసారి స్పిరిట్ పోసేముందు మంట ఆర్పి, ఆవిరి పోయాక నీళ్లు చూసుకో. ఆట అయ్యాక గోరువెచ్చగా ఉన్నప్పుడే నీళ్లు వంపేసి, వాల్వు తీసి ఆరబెట్టు.