రిమోట్ ఆయిల్ ఫిల్టర్ పెట్టించాలా, వద్దా?

స్పానర్‌సెట్:
నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. ఆయిల్ ఫిల్టర్ బ్లాక్ వెనకవైపు, ఎగ్జాస్ట్ పైపుకి సరిగ్గా పైన అడ్డంగా ఉంది. విప్పగానే లోపలి ఆయిలంతా పైపు మీదా, డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూటు మీదా కారుతుంది. చేయి పట్టే సందు కూడా లేదు. బ్లాక్ మీద అడాప్టర్ ప్లేటు, రెండు హోసులు, బయట ఫిల్టర్ హెడ్ (ఫిల్టర్ బిగించే దిమ్మ) ఉండే రిమోట్ కిట్ ఒకటి చూశాను. ఆయిల్ ప్రెజర్ పడిపోతుందా? హోస్ ఏ సైజు తీసుకోవాలి? ఎక్కడ తేడా కొడుతుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

బేరింగ్‌షెల్:
కారుతుందన్న ఒక్క కారణానికే అయితే వద్దండీ. ఇప్పుడు మీ ఇంజన్‌లో ఆ చోట లీకు అయ్యే అవకాశం ఉన్నది ఒకే ఒక్క గాస్కెట్ దగ్గర. రిమోట్ పెడితే అడాప్టర్ ఓరింగ్, అడాప్టర్‌కి రెండు ఫిట్టింగులు, రెండు హోసులకి నాలుగు చివరలు, హెడ్‌కి రెండు ఫిట్టింగులు, ఆ పైన ఫిల్టర్ గాస్కెట్. ఒకటి ఉన్నచోట పది అవుతాయి. అన్నీ పంపు నుంచి నేరుగా వచ్చే ప్రెజర్ మీద ఉండేవే. హోస్ ఊడితే సంపులోని (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) నాలుగు లీటర్లు నిమిషంలోపే రోడ్డు మీద ఉంటాయి. వార్నింగ్ లైటు వెలిగేది ప్రెజర్ దాదాపు అర బార్‌కో ఇంకా కిందకో పడ్డాక. మీరు లైటు చూసి ఇంజన్ ఆపేలోగా బేరింగులు ఆయిల్ లేకుండా తిరిగేసి ఉంటాయి.

కారడం ఆపడానికి ముందు ఇవి చూడండి. అదే థ్రెడ్, అదే గాస్కెట్ వ్యాసం, అదే బైపాస్ సెట్టింగు (ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్‌ని వడకట్టకుండానే పంపే వాల్వ్ తెరుచుకునే ప్రెజర్) ఉన్న పొట్టి ఫిల్టర్ దొరకవచ్చు. ఫిల్టర్ ముక్కాలు చుట్టు వదులు చేసి, మందపాటి ప్లాస్టిక్ సంచి తొడిగి, సంచిలోనే పూర్తిగా తిప్పి తీయొచ్చు. పల్చటి అల్యూమినియం రేకుని దోనెలా వంచి ఫిల్టర్ కింద దూర్చినా ఎగ్జాస్ట్ మీద చుక్క పడదు.

రిమోట్ నిజంగా కావలసిన సందర్భాలు వేరు. మన కారులో వేరే కారు ఇంజన్ బిగించినప్పుడు ఫిల్టర్ సరిగ్గా చాసిస్ క్రాస్‌మెంబర్‌కి (అడ్డ దూలానికి) తగులుతుంది. హెడర్లు (విడిగా అమ్మే ఎగ్జాస్ట్ పైపుల సెట్టు), టర్బో పెట్టాక ఫిల్టర్‌కి చోటే మిగలదు. లేదంటే ఎలాగూ ఆయిల్ కూలర్ పెడుతున్నారు, హోసులు ఎలాగూ వస్తున్నాయి. అలాంటప్పుడు నిక్షేపంగా పెట్టండి.

ఆయిల్‌గేజ్:
ప్రెజర్ సంగతి చాలామంది సగమే చెబుతారు. ఆయిల్ పంపు ఒక చుట్టుకి ఇంత అని ఆయిల్ తోస్తుంది. దారి కాస్త ఇరుకైనా తోసే పరిమాణం పెద్దగా తగ్గదు, పంపు దగ్గర ప్రెజర్ పెరుగుతుంది అంతే. ఇది రిలీఫ్ వాల్వ్ (ప్రెజర్ మితిమీరితే తెరుచుకుని ఆయిల్‌ని వెనక్కి వదిలేది) మూసి ఉన్నంతవరకే. చల్లని ఇంజన్‌లో, ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఉంటుంది. చాలా ఇంజన్లలో అది ఫిల్టర్‌కి ముందే ఉంటుంది కాబట్టి, అప్పుడు హోసుల్లో, ఫిట్టింగుల్లో పోయే ప్రెజరంతా మెయిన్ గ్యాలరీలోనే (బ్లాక్‌లో బేరింగులకి ఆయిల్ పంచే ప్రధాన దారి) తగ్గుతుంది. వేడెక్కాక ఐడిల్‌లో తేడా కనబడలేదని సంతోషిస్తే అసలు పరీక్ష వదిలేసినట్టే.

కిట్ పెట్టకముందే ప్రెజర్ స్విచ్ తీసి, ఆ చోట మెకానికల్ గేజ్ బిగించి రీడింగులు రాసుకోండి: చల్లగా స్టార్ట్ చేసిన వెంటనే 2000 ఆర్‌పీఎమ్ దగ్గర ఒకటి, పూర్తిగా వేడెక్కాక 2000 దగ్గర, 4000 దగ్గర. పెట్టాక అదే ఆయిల్, అదే ఆర్‌పీఎమ్‌తో మళ్లీ చూడండి. వేడి మీద అర బార్ కంటే ఎక్కువ పడిందంటే హోస్ సన్నదో, ఫిట్టింగ్ లోపలి రంధ్రం చిన్నదో. చవక కిట్లలో హోస్ లావుగానే ఉంటుంది, మోచేతి ఫిట్టింగ్ లోపల మాత్రం 8 మిల్లీమీటర్ల రంధ్రమే ఉంటుంది. కొనేముందు ఫిట్టింగ్‌లోకి డ్రిల్ బిట్ వెనక భాగం దూర్చి కొలవండి.

హోస్‌క్రింపర్:
సైజు: ఏఎన్-10 తీసుకోండి (ఏఎన్ అనేది హోసులు, ఫిట్టింగుల సైజు పద్ధతి), లోపలి వ్యాసం దాదాపు 14 మిల్లీమీటర్లు. ఏఎన్-8 దాదాపు 11. చిన్న ఇంజన్‌కి, మీటరు లోపు పొడవుకి అది నడుస్తుంది కానీ చలిలో చిక్కటి ఆయిల్‌కి ఇరుకే. పొడవు ఎంత తక్కువైతే అంత మంచిది.

రకం: ఇంజన్ ఆయిల్‌కి పనికొచ్చే నైట్రైల్ రబ్బరు లేదా పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) లోపొర ఉన్నది, కనీసం 17 బార్ వర్కింగ్ ప్రెజర్, 150 డిగ్రీలు తట్టుకునేది. మామూలు నైట్రైల్ అంత వేడి ఓర్చుకోదు, హోస్ మీద అచ్చేసిన రేటింగు చదివి కొనండి. హీటర్ హోస్ అస్సలు వద్దు. అది ఈపీడీఎం రబ్బరు, నీళ్లకి బాగుంటుంది, ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. మొద్దు పైపు మీద హోస్ తొడిగి జూబిలీ క్లిప్ బిగించడం ఇంకో పొరపాటు. చల్లని స్టార్ట్‌లో 6, 7 బార్ వస్తే ఆ క్లిప్ కింద హోస్ మెల్లగా జారుతుంది. క్రింప్ చేసిన (మెషీన్‌తో నొక్కి బిగించిన) చివరలు గానీ, మరతో బిగించే సరైన ఫిట్టింగులు గానీ వాడాలి.

సీలింగు: 37 డిగ్రీల కోన్ ఉన్న ఏఎన్ ఫిట్టింగుకి టేపు, పేస్టు ఏమీ అక్కర్లేదు, లోహానికి లోహం కూర్చుంటుంది. ఎన్‌పీటీ టేపరు మరలకి (చివరికి సన్నబడే పైపు మరలు) పీటీఎఫ్‌ఈ పేస్టు, అదీ మొదటి రెండు మరలు వదిలేసి. తెల్ల టేపు చుట్టొద్దు. దాని పోగులు తెగి ఆయిల్ దారుల్లోకి పోతాయి. అడాప్టర్ పోత అల్యూమినియం, ఎన్‌పీటీని "ఇంకో అర చుట్టు" అని బిగిస్తే పగులుతుంది.

స్పానర్‌సెట్:
ఇంత చెప్పాక మొదట పొట్టి ఫిల్టర్ సంగతే చూస్తాను. అయినా హెడర్లు పెట్టే ఆలోచన ఉంది కాబట్టి అడుగుతున్నా. హెడ్‌ని ఇంజన్ కన్నా పైన, బ్యాటరీ పక్కన పెట్టొచ్చా? చేతికి బాగా అందుతుంది.

బేరింగ్‌షెల్:
పెట్టొచ్చు కానీ ఒక చిక్కుంది. ఇంజన్ ఆపాక పైనున్న ఆయిల్ మెల్లగా వెనక్కి దిగిపోతుంది. ఫిల్టర్ లోపలి రబ్బరు యాంటీ డ్రెయిన్‌బ్యాక్ వాల్వ్ పంపు వైపు హోస్‌ని మాత్రమే కాస్తుంది. ఇంజన్ వైపు హోస్‌లోది బేరింగుల సందుల్లోంచి సంపుకి దిగడాన్ని అది ఆపలేదు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఆ ఖాళీ నిండేదాకా ప్రెజర్ రాదు. లైటు రెండు మూడు సెకన్లు ఎక్కువ వెలుగుతుంటే అదే కారణం. హెడ్‌ని బ్లాక్‌లోని పాత ఫిల్టర్ మట్టానికి దగ్గరగా, ఫిల్టర్ కిందికి వేలాడేలా పెట్టండి. అలా ఉంటే ఫిల్టర్‌ని ముందే ఆయిల్‌తో నింపి బిగించొచ్చు, విప్పేటప్పుడు కారదు కూడా. మరీ కిందికి దించి రాళ్లు తగిలేచోట మాత్రం వద్దు.

ఇంకొకటి బైపాస్ వాల్వ్. కొన్ని ఇంజన్లలో అది ఫిల్టర్‌లో ఉంటుంది, కొన్నిట్లో బ్లాక్‌లో. బ్లాక్‌లో ఉంటే అది ఫిల్టర్‌తో పాటు హోసుల అడ్డంకిని కూడా కలిపి లెక్కేస్తుంది, అందుకే చలిలో త్వరగా తెరుచుకుని వడకట్టని ఆయిల్‌ని పంపుతుంది. హోస్ లావుగా, పొట్టిగా ఉండాలనడానికి ఇదే పెద్ద కారణం. ఫిల్టర్‌లో ఉండే రకమైతే హెడ్‌కి పెట్టే కొత్త ఫిల్టర్‌లో కూడా బైపాస్ తప్పక ఉండాలి.

నైట్‌షిఫ్ట్:
బిగించే పని గురించి.

పాత ఫిల్టర్ తీశాక దాని గాస్కెట్ బ్లాక్‌కి అంటుకుని మిగిలిందేమో వేలితో తడిమి చూడండి. రెండు గాస్కెట్లు ఒకదానిమీద ఒకటి పడితే ప్రెజర్‌కి పక్కకి తన్నుకుని వచ్చేస్తాయి. థ్రెడ్ కొలవకుండా అడాప్టర్ కొనొద్దు. 3/4-16 (అంగుళాల మర), ఎం20×1.5 (మిల్లీమీటర్ల మర) చూడ్డానికి ఒకటేలా ఉంటాయి. ఒకదాన్ని ఇంకోదానిలోకి రెండు మరలు తిప్పితే ఎక్కినట్టే ఎక్కి పట్టేస్తుంది. థ్రెడ్ గేజ్ పెట్టి చూడాల్సిందే.

హోస్ కోశాక లోపల రబ్బరు పొడి, స్టీలు తీగ ముక్కలు మిగులుతాయి. ఫిల్టర్‌కి వెళ్లే హోస్‌లో ఏదైనా మిగిలితే ఫిల్టర్ ఆపుతుంది. ఫిల్టర్ నుంచి ఇంజన్‌కి వచ్చే హోస్‌లో మిగిలితే దాని ముందున్నది క్రాంక్ బేరింగే, మధ్యలో ఆపేది ఏదీ లేదు. ఆ హోస్‌ని కిరోసిన్‌తో కడిగి, గుడ్డ పేలిక లాగి, గాలి కొట్టి, మళ్లీ పేలిక లాగండి. తెల్ల పేలిక తెల్లగానే బయటికి వచ్చేదాకా.

ఇన్, అవుట్ తారుమారు చేయడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది. ఫిల్టర్‌లోకి ఆయిల్ చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోంచి వెళ్లి, మధ్య మరలోంచి బయటికి వస్తుంది. తిరగేసి కలిపితే రబ్బరు వాల్వ్ మూసుకుపోయి ఆయిల్ కదలదు, గేజ్ సున్నా చూపిస్తుంది. ముద్రల్ని నమ్మకుండా నోటితో ఊదండి. హెడ్ ఒక పోర్టులో ఊదితే గాలి బయటి వలయంలోంచి వస్తే అది ఇన్. అడాప్టర్ బ్లాక్‌కి తగిలే ముఖం వైపు బయటి వలయంలోంచి వస్తే, ఆ పోర్టు నుంచే హెడ్ ఇన్‌కి హోస్ వెళ్లాలి.

స్టార్ట్ చేసేముందు ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి పది సెకన్ల చొప్పున క్రాంక్ చేయండి, మధ్యలో స్టార్టర్‌కి అర నిమిషం విశ్రాంతి. లైటు ఆరాక, లేదా గేజ్ లేచాకే ఫ్యూజు పెట్టండి. ఐడిల్‌లో రెండు నిమిషాలు ఉంచి, ప్రతి జాయింటునీ టార్చ్ వేసి, పొడి టిష్యూతో తుడిచి చూడండి. ఆపి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి ఆయిల్ కలపండి. 14 మిల్లీమీటర్ల హోస్ మీటరుకి దాదాపు 150 మిల్లీలీటర్లు పడుతుంది, దానికి పెద్ద ఫిల్టర్ అదనం. అరలీటరు దాకా ఎక్కువ పట్టడం మామూలే.

హోస్‌క్రింపర్:
దారి గురించి రెండు ముక్కలు. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, హోస్ బిగుతుగా లాగితే ఫిట్టింగ్ దగ్గర అరుగుతుంది. నాలుగైదు సెంటీమీటర్ల వదులు ఉంచి, రబ్బరు లైనింగున్న పీ-క్లిప్పులతో బాడీకి కట్టండి. ఎగ్జాస్ట్‌కి కనీసం పది సెంటీమీటర్లు దూరం, అంత లేకపోతే హీట్ స్లీవ్. స్టీలు జడ ఉన్న హోస్ ఆకురాయిలాంటిది, తగిలిన అల్యూమినియాన్ని, వైరు తొడుగుని కోసేస్తుంది. స్టార్టర్ పాజిటివ్ టెర్మినల్‌కి తగిలితే షార్ట్ అయ్యి హోసే కాలిపోతుంది. బ్యాటరీ పక్కన హెడ్ పెడదామన్నారు కదా, ఈ సంగతి గుర్తుంచుకోండి. పైన నైలాన్ జడ ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి.

పెట్టాక వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, ఐదొందలు తిరిగాక ఇంకోసారి ఫిట్టింగులన్నీ స్పానర్‌తో సరిచూడండి. తర్వాత ఆయిల్ మార్చిన ప్రతిసారీ హోస్‌ని వేళ్లతో నొక్కి చూడాలి. గట్టిపడినా, వంపు దగ్గర బీటలు కనిపించినా, జడ కింద తడి కనిపించినా ఆ రోజే మార్చేయండి. ఏమీ కనబడకపోయినా రబ్బరు హోసుల్ని ఐదారేళ్లకి మించి ఉంచొద్దు.