బేస్‌బాల్‌లో ఫీల్డింగ్‌కి దిగని డీహెచ్‌కి (డెసిగ్నేటెడ్ హిట్టర్, అంటే పిచ్చర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసేవాడు) హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు ఇవ్వొచ్చా?

పాతలెక్క:
డేవిడ్ ఓర్టిజ్ 2022లో, బ్యాలట్ మీదకి వచ్చిన మొదటి ఏడాదే, 77.9 శాతం ఓట్లతో కూపర్స్‌టౌన్ (హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న ఊరు) చేరాడు. ఆడిన 2,408 మ్యాచ్‌ల్లో 2,027 డీహెచ్‌గానే. అంటే ఆ మ్యాచ్‌ల్లో టీమ్ మైదానంలో బంతుల వెంట పరిగెత్తుతుంటే ఈయన డగౌట్‌లో కూర్చున్నాడు. అంతకు మూడేళ్ల ముందు, ఎక్కువగా డీహెచ్‌గానే ఆడిన ఎడ్గర్ మార్టినెజ్, హెరాల్డ్ బేన్స్ ఇద్దరూ ఒకే ఏడాది లోపలికి వెళ్లారు.

నా అభ్యంతరం ఒక్కటే. బేస్‌బాల్‌లో ఆటగాడి పని రెండు భాగాలు. ఒక భాగం పూర్తిగా వదిలేసినవాణ్ని, రెండూ చేసినవాణ్ని ఒకే గీత మీద నిలబెట్టడం అన్యాయం. డీహెచ్‌లకి వేరే అవార్డు ఉండనే ఉంది, 2004 నుంచి దానికి ఎడ్గర్ పేరే పెట్టారు. అది చాలదా?

స్కోర్‌కార్డ్ శాస్త్రి:
ఒకే గీత మీద ఎవరూ నిలబెట్టడం లేదండీ. వార్ లెక్కలో (చేతికందే మామూలు ఆటగాడితో పోలిస్తే ఇతని వల్ల టీమ్‌కి ఎన్ని గెలుపులు ఎక్కువ అనే లెక్క) ఫీల్డింగ్ స్థానాన్ని బట్టి పరుగులు కలుపుతారు, కోస్తారు. బేస్‌బాల్ రిఫరెన్స్ పద్ధతిలో సుమారు 150 మ్యాచ్‌లకి క్యాచర్‌కి 9 పరుగులు కలుస్తాయి, షార్ట్‌స్టాప్‌కి 7. లెఫ్ట్ ఫీల్డర్‌కి 7 పోతాయి, ఫస్ట్ బేస్‌కి 9.5 పోతాయి. డీహెచ్‌కి ఏకంగా 15 పోతాయి. ఫ్యాన్‌గ్రాఫ్స్ వాళ్లు 162 మ్యాచ్‌లకి 17.5 కోస్తారు. పది పరుగులంటే ఇంచుమించు ఒక గెలుపు.

ఓర్టిజ్‌కి వేసి చూడండి. 2,027ని 150తో భాగిస్తే 13.5. దాన్ని 15తో గుణిస్తే రెండు వందల చిల్లర పరుగులు, అంటే దగ్గర దగ్గర 20 గెలుపులు. అంత జరిమానా కట్టాక కూడా అతని వార్ 55. ఎడ్గర్ డీహెచ్‌గా ఆడినవి 1,403 మ్యాచ్‌లు, అంటే 14 గెలుపులు పోయాయి. పోగా మిగిలింది 68. హాల్‌లో ఉన్న ఫస్ట్ బేస్‌మన్‌ల సగటు 65 దగ్గర తిరుగుతుంది.

కాబట్టి 68 అంకె చూశాక "కానీ ఫీల్డింగ్ చేయలేదు కదా" అని మళ్లీ తగ్గిస్తే ఒకే తప్పుకి రెండుసార్లు జరిమానా వేసినట్టు. ఈ చర్చలో తొంభై శాతం గొడవ ఇక్కడే పుడుతుంది.

డగౌట్ బావ:
శాస్త్రి గారి లెక్కకి ఇంకో మెట్టు. ఓర్టిజ్ ఆ 2,027 మ్యాచ్‌లూ ఫస్ట్ బేస్‌లో సగటు ఫీల్డర్‌గా నిలబడి ఉంటే ఎంత లాభం? 15కీ 9.5కీ తేడా 5.5. 13.5తో గుణిస్తే 74 పరుగులు. ఇరవై ఏళ్ల కెరీర్‌లో ఏడు గెలుపులు, అంతే. అదీ సగటు ఫీల్డర్ అయితేనే. సగటుకి ఏటా ఆరు పరుగులు తక్కువ ఇచ్చే ఫస్ట్ బేస్‌మన్ విలువ, కూర్చున్న డీహెచ్ విలువ ఒకటే. అయినా మొదటివాణ్ని "పూర్తి ఆటగాడు" అంటాం, రెండోవాణ్ని "సగం ఆటగాడు" అంటాం!

పాతలెక్క:
లెక్క బాగుంది. కానీ ఆ చెత్త ఫీల్డర్ గ్లవ్ పెట్టుకుని నిలబడటం వల్ల డీహెచ్ స్థానం ఖాళీగా ఉంటుంది. అక్కడ ఇంకో బ్యాటర్‌ని ఆడించుకోవచ్చు, లేదా మోకాలు నొప్పి ఉన్నవాడికి ఆ రోజు కాళ్లకి విశ్రాంతి ఇవ్వొచ్చు. ఒకే మనిషి పదమూడేళ్లు ఆ కుర్చీలో కూర్చుంటే మేనేజర్‌కి ఆ వెసులుబాటు పోతుంది. 26 మంది రోస్టర్‌లో అది చిన్న విషయం కాదు. ఈ రోజుల్లో చాలా టీమ్‌లు పూర్తికాలపు డీహెచ్‌ని పెట్టుకోవడం మానేసి, ఆ స్థానాన్ని వంతులవారీగా తిప్పుతున్నది ఇందుకే.

స్కోర్‌కార్డ్ శాస్త్రి:
మంచి ప్రశ్న. దాని ధర కూడా ఆ అంకెల్లోనే ఉంది. లెఫ్ట్ ఫీల్డర్‌కి 7, డీహెచ్‌కి 15. మధ్యలో ఉన్న 8 పరుగులు ఫీల్డింగ్ స్థానం నింపినందుకు దక్కే ప్రతిఫలమే కదా. అక్కడ నిలబడి ఏటా 10 పరుగులు పోగొట్టేవాడు మైనస్ 17కి వెళ్తాడు, డీహెచ్ మైనస్ 15 దగ్గరే ఉంటాడు. అలాంటివాణ్ని లోపల కూర్చోబెట్టిన మేనేజర్ రెండు పరుగులు మిగిల్చాడు.

రోస్టర్ వెసులుబాటు మాట ఒప్పుకుంటాను. అది వార్‌లో సరిగా పట్టుబడదు.

మూడోబేస్:
ఎడ్గర్‌ని "డీహెచ్" అని ఒక్క ముక్కలో చెప్పేవాళ్లు 1992 మర్చిపోతారు. ఆ ఏడాది థర్డ్ బేస్‌లో ఆడుతూ .343 సగటుతో బ్యాటింగ్ టైటిల్ (లీగ్‌లో అత్యధిక సగటు) కొట్టాడు. థర్డ్ బేస్‌లో మొత్తం 560కి పైగా మ్యాచ్‌లు, అదీ సగటుకి మించిన ఫీల్డింగ్. 1993 సీజన్ మొదలవడానికి ముందు ప్రదర్శన మ్యాచ్‌లో తొడ వెనక కండరం తెగింది. రెండేళ్లు దాంతోనే పోయాయి. 1995లో అతని టీమ్ మెరైనర్స్ అతన్ని పూర్తిగా డీహెచ్ చేశారు. ఫలితం .356 సగటు, రెండో టైటిల్. 1995 నుంచి 2001 దాకా ఏడు సీజన్లూ ఆన్‌బేస్ (బ్యాటింగ్‌కి వచ్చినప్పుడు అవుటవకుండా బేస్ చేరే నిష్పత్తి) .400 పైనే. 2000లో 37 ఏళ్ల వయసులో 37 హోమ్ రన్లు, 145 ఆర్బీఐలు (తన బ్యాటింగ్‌తో టీమ్‌కి తెచ్చిన పరుగులు).

కెరీర్ మొత్తం చూస్తే సగటు .312, ఆన్‌బేస్ .418, స్లగ్గింగ్ (పెద్ద షాట్ల బలం చూపే అంకె) .515. అంకెలు తక్కువగా కనిపించేది ఒక్క హిట్లలో (2,247), హోమ్ రన్లలో (309). దానికి కారణం డీహెచ్ కాదు. మెరైనర్స్ అతన్ని 27 ఏళ్లు వచ్చేదాకా రెగ్యులర్‌గా ఆడించలేదు.

ఎడమవాటం:
డీహెచ్ అంటే సుఖంగా కూర్చుని వచ్చి కొట్టేయడం అనుకుంటారు. నిజానికి చాలామంది బ్యాటర్లు ఫీల్డింగ్ చేసిన రోజుల కన్నా డీహెచ్‌గా ఆడిన రోజుల్లో కాస్త తక్కువే కొడతారు. రెండు బ్యాటింగ్ అవకాశాల మధ్య ముప్పావు గంట ఖాళీ. ఒళ్లు చల్లబడుతుంది, పోయినసారి అవుటైన పిచ్ బుర్రలో తిరుగుతూ ఉంటుంది. అందుకే పూర్తికాలపు డీహెచ్‌లు స్టాండ్స్ కింద ఉండే కేజ్‌లో బంతులు కొడుతూ, సైకిల్ తొక్కుతూ, వీడియో చూస్తూ గడుపుతారు. ఎడ్గర్‌కి పైగా రెండు కళ్లూ ఒకే చోట నిలవని సమస్య. మెషీన్ విసిరే టెన్నిస్ బంతుల మీద రాసిన అంకెలు చదువుతూ కంటికి కసరత్తు చేసేవాడు.

లీగ్ మొత్తంలో డీహెచ్‌ల సగటు బ్యాటింగ్ ఫస్ట్ బేస్‌మన్‌లని మించి పెద్దగా ఉండకపోవడానికి ఇదొక కారణం. గాయపడ్డవాళ్లని అక్కడ దాచడం ఇంకో కారణం. పదేళ్ల పాటు అక్కడే ఉండి 140కి మించిన ఓపీఎస్ ప్లస్ నిలబెట్టినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. (ఓపీఎస్ ప్లస్ అంటే ఆన్‌బేస్, స్లగ్గింగ్ కలిపి చూసే బ్యాటింగ్ కొలత. 100 అంటే లీగ్ సగటు. 140 అంటే, పార్కుల తేడా సరిచేశాక, దానికి 40 శాతం పైన.)

పాతలెక్క:
మరి బేన్స్ సంగతి? అతన్ని సమర్థించేవాళ్లు ఒక్కరైనా ఉన్నారా ఇక్కడ?

డగౌట్ బావ:
నేను కాదు 😄

2,866 హిట్లు, 384 హోమ్ రన్లు, 1,628 ఆర్బీఐలు. 1981, 1994, 1995 సమ్మెలు లేకపోతే 3,000 హిట్లు అయ్యేవి అన్నది వాళ్ల వాదన. అయ్యేవేమో. కానీ ఓపీఎస్ ప్లస్ 121. ఏ ఒక్క సీజన్‌లోనూ వార్ 5 దాటలేదు, కెరీర్ మొత్తం 39కి లోపే. హాల్‌కి ఓటేసే బేస్‌బాల్ రచయితల ఓటింగ్‌లో ఎప్పుడూ 7 శాతం కూడా రాలేదు. 2011లో 5 శాతం లోపు పడిపోయి బ్యాలట్ నుంచే బయటికి వెళ్లాడు. 2018 డిసెంబర్‌లో, రచయితలు కాదన్నవాళ్లని మళ్లీ చూసే 16 మంది కమిటీ కూర్చుని 12 ఓట్లు వేసింది, సరిగ్గా కావాల్సిన 75 శాతం. ఆ పదహారుగురిలో బేన్స్ ఆడిన వైట్ సాక్స్ యజమాని జెర్రీ రైన్స్‌డార్ఫ్ ఉన్నాడు. చికాగోలో, ఓక్లండ్‌లో అతన్ని ఆడించిన మేనేజర్ టోనీ లరూసా కూడా ఉన్నాడు. ఇంతకన్నా చెప్పేదేముంది.

కానీ బేన్స్ తప్పు డీహెచ్ తప్పు కాదు. అవే అంకెలు రైట్ ఫీల్డ్‌లో తెచ్చుకున్నా నేను ఓటు వేయను.

మూడోబేస్:
"డీహెచ్" అని ముద్ర వేయడంలోనే తికమక ఉంది. పాల్ మోలిటర్ 1,170కి పైగా మ్యాచ్‌లు డీహెచ్‌గా ఆడాడు, ఏ ఫీల్డింగ్ స్థానంలోనూ అన్ని ఆడలేదు. 2004లో 85.2 శాతంతో లోపలికి వెళ్తే ఒక్కరూ నోరెత్తలేదు, 3,319 హిట్లున్నాయి కాబట్టి. ఫ్రాంక్ థామస్ సగానికి మించి, 1,310 మ్యాచ్‌లు డీహెచ్. 2014లో మొదటి ప్రయత్నంలోనే 83.7 శాతం. అదే 2014లో ఎడ్గర్‌కి వచ్చింది 25.2!

స్కోర్‌కార్డ్ శాస్త్రి:
ఆ 25.2 వెనక ఓటింగ్ యంత్రాంగం కూడా ఉంది. ఒక్కో రచయిత పది పేర్లకి మించి రాయకూడదు. ఆ ఏడాది గ్రెగ్ మాడక్స్, టామ్ గ్లావిన్, థామస్ ఒకేసారి బ్యాలట్ మీదకి వచ్చారు. క్రెయిగ్ బిజియో రెండు ఓట్ల తేడాతో తప్పిపోయాడు. స్టెరాయిడ్ల గొడవతో ఆగిపోయినవాళ్లు అప్పటికే చోటు పట్టుకుని కూర్చున్నారు. పదకొండో పేరుగా మిగిలిపోయేవాడు ఎడ్గర్. పైగా అదే ఏడాది బ్యాలట్ మీద ఉండే గడువు 15 ఏళ్ల నుంచి 10కి తగ్గించారు. జనం ఖాళీ అయ్యేకొద్దీ శాతం ఎలా పెరిగిందో చూడండి. 2015లో 27, తర్వాత 43.4, 58.6, 70.4, ఆఖరి అవకాశంలో 85.4. ఆ నాలుగేళ్లలో ఎడ్గర్ ఒక్క హిట్ కూడా కొట్టలేదు. మారింది ఓటర్లు, వాళ్లు వాడే లెక్క.

ఎడమవాటం:
2019లో ఎడ్గర్‌తో పాటు వెళ్లినవాళ్లెవరో గుర్తు చేసుకోండి. క్లోజర్ (చివరి ఇన్నింగ్స్ వేసే పిచ్చర్) మరియానో రివెరా, 425కి 425 ఓట్లు. కెరీర్ మొత్తం 1,283 ఇన్నింగ్స్ చిల్లర, సుమారు 5,100 మంది బ్యాటర్లు. ఎడ్గర్ బ్యాటింగ్‌కి వచ్చింది 8,674 సార్లు. పిచ్చర్ మైక్ ముస్సీనా కెరీర్ అంతా అమెరికన్ లీగ్‌లోనే, 1973 నుంచి అక్కడ డీహెచ్ ఉంది కాబట్టి అతనికి బ్యాట్ పట్టే పనే దాదాపు లేదు. బ్యాటింగ్ చేయని పిచ్చర్, ఒక్క ఇన్నింగ్స్ వేసే క్లోజర్ "సగం ఆటగాళ్లు" కానప్పుడు డీహెచ్ ఒక్కడే ఎలా అవుతాడు? సీజన్ మ్యాచ్‌ల్లో రివెరా మీద ఎడ్గర్ 19కి 11 కొట్టాడు, అది వేరే సంగతి.

పాతలెక్క:
క్లోజర్ పోలిక ఒప్పుకోను. రివెరా వచ్చేది ఒక్క పరుగు తేడా ఉన్న తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, ఒక్కో బంతి బరువు రెండింతలు. డీహెచ్ మొదటి ఇన్నింగ్స్‌లోనూ వస్తాడు, తొమ్మిది పరుగుల తేడాలోనూ వస్తాడు.

ముస్సీనా పోలిక మాత్రం గట్టిగానే తగిలింది.

కొత్తబంతి:
మన ఐపీఎల్ ఇంపాక్ట్ ప్లేయర్ లాంటిదే కదా ఇది? 2023లో వచ్చింది, ఆల్‌రౌండర్లని దెబ్బతీసిందని అక్కడా ఇదే ఏడుపు.

డగౌట్ బావ:
పైకి అలా కనిపిస్తుంది తమ్ముడూ, కానీ తేడా ఉంది. ఇంపాక్ట్‌గా వచ్చినవాడు మిగతా మ్యాచ్ అంతా మామూలు ఆటగాడే, ఫీల్డింగ్ చేయాల్సిందే. వాడి కోసం వెళ్లినవాడు ఇక తిరిగి రాడు. డీహెచ్‌లో పిచ్చర్ దిగిపోనక్కర్లేదు, అతని బదులు కొట్టడానికి మాత్రం వేరే మనిషి. మొదటి డీహెచ్ రాన్ బ్లూమ్‌బర్గ్, 1973 ఏప్రిల్ 6న ఫెన్వే పార్క్‌లో, యాంకీస్ తరఫున. వచ్చీ రాగానే మూడు బేస్‌లూ నిండి ఉండగా వాక్ (నాలుగు చెడ్డ బంతులకి ఉచితంగా దొరికే బేస్) తీసుకున్నాడు. ఆ బ్యాట్ కూపర్స్‌టౌన్‌కి వెళ్లిపోయింది. బ్యాట్‌కి అప్పుడే చోటు దొరికింది, మనుషులకే ఆలస్యం.

మూడోబేస్:
ఓర్టిజ్ ఫీల్డింగ్ చేయలేడన్నవాళ్లకి 2013 వరల్డ్ సిరీస్. అప్పట్లో నేషనల్ లీగ్ పార్కుల్లో డీహెచ్ ఉండేది కాదు (2022 నుంచే రెండు లీగ్‌లకీ శాశ్వతం). సెయింట్ లూయిస్‌లో జరిగిన మూడు మ్యాచ్‌లకీ రెగ్యులర్ ఫస్ట్ బేస్‌మన్ మైక్ నపోలీని కూర్చోబెట్టి ఓర్టిజ్‌ని ఫస్ట్ బేస్‌లో నిలబెట్టారు. సిరీస్‌లో 16కి 11, .688, ఎనిమిది వాక్‌లు, ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడి అవార్డు). పోస్ట్‌సీజన్ మొత్తం 17 హోమ్ రన్లు. వార్‌లో పోస్ట్‌సీజన్ కలవదు, అందుకే 55 అనే అంకె అతన్ని తక్కువ చేసి చూపిస్తుంది.

పాతలెక్క:
కానీ నపోలీని కూర్చోబెట్టాల్సి వచ్చిందంటే నేను పైన అన్న వెసులుబాటు సమస్యే కదా అది? ఇక ఓర్టిజ్ పేరు ఉందన్న 2003 డ్రగ్ సర్వే పరీక్షల జాబితా గొడవ ఉండనే ఉంది. ఆ ఫలితాల్లో కొన్ని నమ్మదగ్గవి కావని కమిషనర్ మాన్‌ఫ్రెడ్ 2016లో అన్నాడు కాబట్టి దాన్ని వదిలేస్తాను.

సరే, నిషేధం మాట వెనక్కి తీసుకోను, సడలిస్తాను. డీహెచ్‌గా సగానికి మించి ఆడినవాడికి కెరీర్ ఓపీఎస్ ప్లస్ కనీసం 140 ఉండాలి. థామస్ 156, ఎడ్గర్ 147, ఓర్టిజ్ 141. బేన్స్ బయటికి.

స్కోర్‌కార్డ్ శాస్త్రి:
ఓర్టిజ్‌ని కొలిచి గీసిన గీతలా ఉంది 🙂 ఒక్క పాయింటుతో గట్టెక్కాడు! ఓపీఎస్ ప్లస్ ఒక్కటే పెడితే ఎన్నేళ్లు ఆడాడన్నది పోతుంది. ఆరేళ్లు 150 కొట్టి మాయమైనవాడూ పాసవుతాడు. 140తో పాటు కనీసం 8,000 సార్లు బ్యాటింగ్‌కి వచ్చి ఉండాలని కలపండి.

ఎడమవాటం:
2029 బ్యాలట్ మీదకి నెల్సన్ క్రూజ్ వస్తాడు. 464 హోమ్ రన్లు, చివరి ఏళ్లన్నీ డీహెచ్, 2013లో డ్రగ్స్ వ్యవహారంలో 50 మ్యాచ్‌ల సస్పెన్షన్. 8,000 దాటతాడు, ఓపీఎస్ ప్లస్ మాత్రం 130 లోపు. ఈ గీత ప్రకారం కుదరదు. మామూలుగా పిచ్చర్‌గానూ ఆడే ఒహ్తానీ 2024లో ఒక్క ఇన్నింగ్స్ కూడా ఫీల్డింగ్ చేయకుండా, పిచ్ వేయకుండా 54 హోమ్ రన్లు, 59 స్టీల్స్‌తో (దొంగిలించిన బేస్‌లతో) ఏకగ్రీవంగా ఎంవీపీ అయ్యాడు. పూర్తికాలపు డీహెచ్‌కి అది మొదటిసారి. 1995లో ఎడ్గర్‌కి మూడో స్థానం, 2005లో ఓర్టిజ్‌కి రెండో స్థానం ఇచ్చిన రచయితల సంఘమే ఈ ఓట్లూ వేసింది. క్రూజ్ పేరు వచ్చేసరికి వాళ్లు అడిగేది సస్పెన్షన్ గురించే. గ్లవ్ గురించి అడిగేవాళ్లు తక్కువే ఉంటారు.

పాతలెక్క:
8,000 షరతు ఒప్పుకున్నాను. గ్లవ్ గురించి అడిగేవాళ్లలో నన్నొకణ్ని లెక్కేసుకోండి.