జీతం కవర్లోనా, అకౌంట్లోనా? పెద్దవాళ్లు వద్దంటుంటే ఏం చేయాలి?

ఆటోనగర్ లెక్కలు:
గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో అకౌంట్స్ చూస్తాను. ఇన్నాళ్లూ ఆఫీసు స్టాఫ్‌కి చెక్కు, షెడ్డులో పనివాళ్లకి కవర్లో నగదు, రెవెన్యూ స్టాంపు మీద సంతకం. వచ్చే నెల నుంచి అందరికీ బ్యాంకులోనే వేసేద్దామంటున్నారు మా ఓనరుగారు. కుర్రాళ్లు సరేనన్నారు. సీనియర్ వెల్డర్లు మాత్రం "మా డబ్బు మా చేతికే ఇవ్వండి" అని కూర్చున్నారు. బలవంతం చేయొచ్చా? చేయొచ్చు సరే, చేయడం సబబేనా?

పేరోల్ మాస్టారు:
చేయొచ్చండీ. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం కింద పనివాడు రాసిస్తేనే చెక్కుగానీ బ్యాంకు జమగానీ కుదిరేది. 2017 సవరణలో ఆ షరతు ఎత్తేశారు. 2025 నవంబర్ 21న అమల్లోకి తెచ్చిన వేతనాల కోడ్‌లో నగదు, చెక్కు, బ్యాంకు జమ, ఎలక్ట్రానిక్ పద్ధతి నాలుగూ ఉన్నాయి. అంటే నగదు ఇవ్వడం తప్పని కూడా కాదు. మీ ఓనరుగారి తొందరకి ఇంకో కారణం ఉండి ఉంటుంది. ఒక మనిషికి ఒకే రోజు పది వేలు దాటి నగదు ఇస్తే, ఆదాయపన్ను లెక్కల్లో ఆ ఖర్చు ఒప్పుకోరు. సీనియర్ వెల్డరు జీతం పది వేల లోపు ఉంటుందా, చెప్పండి! చెక్కులంటారా, ఇప్పుడు తొందరగానే క్లియర్ అవుతున్నాయి గానీ, దాన్ని బ్యాంకులో వేయడానికే సగం పూట పని పోతుంది.

సింధియా పాతకాపు:
చట్టం సరే మాస్టారూ, 2014 అక్టోబర్ 12 మర్చిపోయారా? హుద్‌హుద్ తుఫాను వెళ్లాక కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు, ఏటీఎంలు మూతపడ్డాయి. పాల ప్యాకెట్ కావాలన్నా చేతిలో నోటు ఉండాల్సిందే. అకౌంట్లో ఎంతుంటే ఏం లాభం?

పేరోల్ మాస్టారు:
తుఫాను మాట ఒప్పుకుంటాను. మరి 2016 నవంబర్ 8 మాటేమిటి? రద్దయిన నోట్లతోనే అడ్వాన్సు జీతాలు ఇచ్చి చేతులు దులుపుకున్న ఓనర్లు దేశమంతా ఉన్నారు. వాటిని మార్చుకోవడానికి లైన్లో నిలబడింది ఎవరు?

బి షిఫ్ట్:
మీ ఇద్దరి వాదనా పర్మనెంట్ ఉద్యోగుల లెక్కలో ఉంది. నేను కాంట్రాక్టు లేబర్ని. మా దగ్గర అకౌంట్లు తెరిపించింది కాంట్రాక్టరే, కార్డులు పెట్టుకున్నదీ ఆయనే. సూపర్‌వైజర్ సంచిలో రబ్బరు బ్యాండు వేసిన ఏటీఎం కార్డుల కట్ట, ప్రతి కార్డు మీద తెల్ల టేపు, దాని మీద పెన్నుతో పిన్ నంబరు. కనీస వేతనం పైసా తగ్గకుండా అకౌంట్లో పడుతుంది. సాయంత్రానికి ఆయనే డ్రా చేసి, తనకి తోచింది మా చేతిలో పెడతాడు. ఇదివరకు కవర్లో తక్కువొస్తే "తక్కువిచ్చాడు" అనైనా అనగలిగేవాళ్లం. ఇప్పుడు స్టేట్‌మెంట్ తీస్తే ఫుల్ జీతం అందినట్టే కనబడుతుంది. నా అకౌంటే నా మీద సాక్ష్యం చెబుతుంటే ఎవరికి చెప్పుకోవాలి?

నగదు రోజుల్లో 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం ప్రకారం బటవాడా జరిగేటప్పుడు కంపెనీ తరఫు మనిషి దగ్గరుండి, తన ఎదుట ఇచ్చారని సంతకం పెట్టాల్సి ఉండేది. అందరూ పెట్టారని అనను. పెట్టాల్సిన మనిషంటూ ఒకడు ఉండేవాడు.

సింధియా పాతకాపు:
అదీ మాట!

పేరోల్ మాస్టారు:
అది దొంగతనం తమ్ముడూ, బ్యాంకు జమ తప్పు కాదు. కార్డు పోయిందని బ్రాంచిలో చెప్పి బ్లాక్ చేయించు, కొత్తది తీసుకో.

బి షిఫ్ట్:
తీసుకుంటాను సార్. మర్నాడు గేటు పాస్ ఎవరిస్తారు?

రొయ్యల షెడ్డు అక్క:
ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను రొయ్యలు ఒలిచే పనికెళ్తాను. అకౌంటు నా పేరే, దానికిచ్చిన ఫోన్ నంబరు మా ఆయనది. జీతం పడ్డ మెసేజ్ ముందు ఆయనకే వస్తుంది. కవర్ ఇచ్చినప్పుడు చీటీ డబ్బు పక్కన తీశాకే ఇంటికెళ్లేదాన్ని. అలాగని అందరికీ అంతే అనను. మా పక్కింటామె మాత్రం బ్యాంకే నయం అంటుంది. ఆమె భర్త కవరుతో నేరుగా వైన్ షాపుకే వెళ్లేవాడు.

ఆటోనగర్ లెక్కలు:
మా వెల్డర్లను విడిగా కూర్చోబెట్టి అడిగాను. టెక్నాలజీ అంటే భయం అనుకున్నానా, అదేం లేదు, అందరి దగ్గరా ఫోన్‌పే ఉంది. అసలు సంగతి అప్పు. జీతం వేస్తామన్న బ్యాంకులోనే ఇద్దరికి లోన్లున్నాయి. డబ్బు పడగానే పాత వాయిదాలన్నీ కోసేసుకుంటుంది. ఇంటద్దెకి కూడా మిగలదు.

పేరోల్ మాస్టారు:
అంటే వాయిదా ఎగ్గొట్టడానికా నగదు అడుగుతున్నది?

ఆటోనగర్ లెక్కలు:
ఎగ్గొట్టడానికి కాదండీ. అద్దె ముందు కట్టాలా, వాయిదా ముందు కట్టాలా అన్నది వాళ్లు తేల్చుకుంటామంటున్నారు. నాకైతే న్యాయంగానే అనిపించింది. అందుకే ఓనరుగారికి చెప్పాను, ఫలానా బ్యాంకే అని పట్టుబట్టొద్దు, ఎవరికి నచ్చిన అకౌంటు నంబరు వాళ్లిస్తారని. వెల్డర్లూ కాస్త మెత్తబడ్డారు.

పేరోల్ మాస్టారు:
అది మంచి పని. మినిమం బ్యాలెన్స్ గొడవ లేని బేసిక్ సేవింగ్స్ అకౌంట్ తీసుకోమనండి. అందులో నెలకి నాలుగు విత్‌డ్రాయల్స్ ఉచితం. మామూలు అకౌంట్లో ఉచితాలు దాటితే ఏటీఎంలో ప్రతిసారీ 23 రూపాయల దాకా పోతాయి, అయిదొందలేసి తీసేవాళ్లకి అది చిన్న మొత్తం కాదు. ఫోన్ నంబరు ఎవరిది వాళ్లదే రాయించండి, అక్కగారు చెప్పింది గుర్తుంది కదా.

బి షిఫ్ట్:
పేస్లిప్ కూడా ఇవ్వండి సార్, కాగితం మీద, ఓటీ గంటలతో సహా. అకౌంట్లో పడ్డ అంకె చూసి ఏది ఎందుకు కోశారో మాకెలా తెలుస్తుంది?

ఆటోనగర్ లెక్కలు:
ఇస్తాం. తెలుగులోనే. ఇంకో డౌట్, ఏడో తారీఖు ఆదివారం పడితే సోమవారం వేయొచ్చా?

పేరోల్ మాస్టారు:
కుదరదు. ఏడో తేదీ దాటకూడదు. ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి డబ్బు పంపే నెఫ్ట్ 2019 డిసెంబర్ నుంచీ, జీతాలు గుంపుగా వేసే నాచ్ 2021 ఆగస్టు 1 నుంచీ సెలవు రోజుల్లో కూడా నడుస్తున్నాయి. బ్యాంకు సెలవని చెప్పే రోజులు పోయాయని మీ ఓనరుగారికి ముందే చెప్పండి.