ఓపీటీలో ఉన్నాను, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకోవచ్చా? (డాలస్‌కి కొత్త)

అందరికీ నమస్కారం. ఎంఎస్ అయిపోయింది. ఇర్వింగ్‌లో నలుగురం కలిసి ఉంటున్నాం. ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పని చేసుకునే అనుమతి) మొదలై 31 రోజులు, ఇంకా ఉద్యోగం లేదు. ఒక కన్సల్టెన్సీవాళ్లు టెస్టింగ్ నేర్పి, ఏడేళ్ల అనుభవంతో రెజ్యూమె వాళ్లే తయారు చేస్తారట. రూమ్మేట్లేమో టెస్టింగ్ అంతా ఏఐ చేసేస్తుందంటున్నారు. ఊళ్లో 30 లక్షల లోను ఉంది. టెన్షన్‌గా ఉంది.

>> తమ్ముడూ, ముందు ఆ రెజ్యూమె వదిలెయ్. ఆ అబద్ధం హెచ్‌1బీ దాకా వెంటాడుతుంది. ఉద్యోగం లేకుండా ఉండగలిగేది 90 రోజులే, అంటే నీకు 59 మిగిలాయి. నీ చదువుకు సంబంధించిన చోట వారానికి 20 గంటలు జీతం లేకుండా చేసినా మొదటి ఏడాది ఓపీటీలో లెక్కలోకి వస్తుంది. సైన్సు, ఇంజినీరింగ్ లాంటివి చదివినవాళ్లకిచ్చే స్టెమ్ పొడిగింపులో మాత్రం కుదరదు. మీ యూనివర్సిటీలో వీసా వ్యవహారాలు చూసే డీఎస్‌ఓని అడిగి చేరు.

నేను 2008లో వచ్చాను. ఎక్సెల్‌లో 400 టెస్ట్ కేసులు, ఒక్కొక్కటీ నొక్కి చూసి, స్క్రీన్‌షాట్ వర్డ్‌లో అతికించి, గడికి పచ్చరంగు వేయడమే పని. మావాళ్లు చాలామంది ఇళ్లు కొన్నది ఆ పచ్చరంగుతోనే! తర్వాత ఆ నొక్కడాలన్నీ స్క్రిప్టుతో తనే చేసే సెలీనియం అనే టూల్ వచ్చి పదకొండు మంది టీము నలుగురైంది. ఇప్పుడు ఆ స్క్రిప్టులు కూడా ఏఐ రాస్తోంది, బాగానే రాస్తోంది. నువ్వు కాలు పెట్టాల్సిన మొదటి మెట్టే లేకుండా పోతోంది, నా బెంగ అదీ.

నన్ను నిలబెట్టింది హెల్త్ ఇన్సూరెన్స్ క్లెయిముల పని. 2015 అక్టోబర్ 1న ఐసీడీ-9 పోయి ఐసీడీ-10 వచ్చింది, రోగాల కోడ్లు సుమారు 14 వేల నుంచి 68 వేలయ్యాయి. ఆర్నెల్లు నిద్ర లేదు కానీ, క్లెయిము ఎందుకు తిరగ్గొట్టారో అప్పుడే అర్థమైంది. మొన్న ఏఐ స్క్రిప్టు పాస్ చేసిన ఫైల్లో ఒకే ఆపరేషన్‌కి రెండుసార్లు చెల్లింపు కనిపించింది. ఆస్పత్రి సవరించి పంపిన క్లెయిమును కొత్తదనుకుంది.

>> అన్నయ్యగారూ, మీకు ఆర్నెల్లు నేర్చుకునే వీలు దొరికింది, ఈ పిల్లలకి ఎవరిస్తారు? మావారికీ క్లెయిముల్లో 14 ఏళ్ల అనుభవం, మార్చిలో తీసేశారు. హెచ్‌1బీ కదా, 60 రోజుల్లో వేరేది వెతుక్కోవాల్సి వచ్చింది. ఇద్దరి జీతాలు చూసుకుని ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాం. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని మురిసిపోయాం గానీ, ఉద్యోగం పోయినా ఆస్తిపన్ను ఆగదుగా. బాబూ, పెద్ద కంపెనీలే కాదు, చిన్న క్లినిక్‌ల బిల్లింగ్ ఆఫీసుల్లోనూ అడుగు.

>> మీరన్నదీ నిజమేనమ్మా. తమ్ముడూ, శనివారం ల్యాప్‌టాప్ తీసుకుని రా. 835 ఫైలు (ఏ క్లెయిముకి ఎంత చెల్లించారో ఇన్సూరెన్స్‌వాళ్లు పంపేది) చదవడం చూపిస్తాను. శాంపిల్ ఫైలే, అసలు పేషెంట్లది కాదులే.